చేతుల్లేని కుర్చీ

నేను ఒక కుర్చీని. చేతులు ఆనించుకునే ఏర్పాటు లేనిదాన్ని. రాజాం వడ్రంగి తవిటయ్య నన్ను కుట్టుమిషన్ల శిక్షణ కేంద్రం కోసం చేశాడు. బట్ట తిప్పేటప్పుడు మోచేతులకు అడ్డం రాకూడదు కదా! అది మూతపడ్డాక ఒక ఫోటో స్టూడియోలో, ఊపిరి బిగబట్టి నవ్వేవాళ్లను చాలాకాలం మోశాను. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో, కాలేయ మార్పిడి రోగులకు వ్యాయామం చేయించే గదిలో ఉంటున్నాను.

కుర్చీ దొరికితే మనుషులు వదలరంటారు. ఇక్కడ మాత్రం నన్ను వదిలి లేచినవాళ్లకే చప్పట్లు. చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేవాలి. లేవలేకపోతే కాళ్లలో కండ కరిగిపోయినట్టే. కండ లేని మనిషి ఆపరేషను తట్టుకున్నా తేరుకోవడం కష్టమని ఫిజియోథెరపీ నళిని మేడమ్ అందరికీ చెబుతుంది.

సూరప్పడు మొదటిసారి కూర్చున్నప్పుడు నాకు బరువే తెలియలేదు. పెళ్లిళ్లకు వంటలు చేసే మాస్టరు, నిండు గుండిగలు దించిన మనిషి. లేవబోయి కూలబడ్డాడు.

"ఏం తింటున్నారు?" అని మేడమ్ అడిగింది.

అతని అక్క పైడమ్మ గర్వంగా ముందుకొచ్చింది. "పథ్యమమ్మా! సప్పిడి సారన్నం. పప్పు నేదు, గుడ్డు నేదు. కామెర్లొచ్చిన కాడ్నించీ గట్టిగా సూస్తన్నాను."

"ఊరందరికీ లడ్డూలు ఒండినోడ్ని మేడమ్. మా అప్ప నాకు నీల్లు ఒండతంది" అన్నాడు సూరప్పడు.

మేడమ్ నవ్వలేదు. "ఉప్పు తగ్గించడం మంచిదేనమ్మా. కానీ పప్పూ గుడ్డూ మాన్పిస్తే శరీరం తన కండనే తినేస్తుంది. ఇలాగే ఉంటే, కాలేయం దొరికినా డాక్టరుగారు ఆపరేషనుకు ఒప్పుకోరు."

"కామెర్లోడికి గుడ్డెట్టమంతారేటి? ఏటన్నా అయితే?"

"పెట్టకపోతేనే అవుతుంది."

పైడమ్మ ముఖం వాడిపోయింది. తమ్ముణ్ని కాపాడుతున్నాననుకుంటూ ఎండబెట్టింది పాపం.

ఆ తర్వాత ఆమెను పట్టలేకపోయాం. ఆసుపత్రివాళ్లు చెప్పినట్టే పప్పు, పెరుగు, గుడ్డు, పడుకోబోయే ముందు మళ్లీ ఏదో ఒకటి. సూరప్పడు వచ్చినప్పుడల్లా నాకు కొంచెం కొంచెంగా బరువు తెలిసింది. ఒకరోజు ఊగుతూనే లేచి నిలబడ్డాడు. కొన్నాళ్లకు, ముఖం తెలియని ఎవరి కుటుంబమో దానం చేసిన కాలేయం అతనికి అమరింది.

ఆపరేషను తర్వాత చూడవచ్చిన బంధువొకామె, "కొత్త కాలేయం గదే, సారన్నంతో సరిపెట్టు" అందట.

"నీ సారు నువ్వే తాగెహె!" అని పైడమ్మ అరిచిన అరుపు ఈ గదిదాకా వినిపించింది.

వాకరు పట్టుకుని సూరప్పడు మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు. కుట్లు లాగుతున్నాయేమో, పళ్లు బిగించాడు. పైడమ్మ కళ్లు మూసుకుంది. అతను లేచాడు! ఏదీ పట్టుకోలేదు.

గది చప్పట్లతో నిండింది. ఏడుస్తూ నవ్వుతూ పైడమ్మ నా మీద కూలబడింది. కాసేపటికి లేవబోయింది. లేవలేకపోయింది.

"ఏటప్పా, నువ్వేటి తింతన్నావు?"

ఆమె తల దించుకుంది. "ఆపరేసనయ్యి నువ్వు నెగిసి నిలబడేదాకా పప్పూ గుడ్డూ ముట్టనని అమ్మోరికి మొక్కుకున్నానురా."

మేడమ్ నెత్తి కొట్టుకుంది. సూరప్పడు టిఫిను డబ్బా తెరిచి, ఉడికించిన గుడ్డు ఒలిచి అక్క చేతిలో పెట్టాడు. "నెగిసినాను గదా. తిను."

ఆమె మెల్లగా తింది. ఆ పూట ఆమెను లెమ్మని ఎవరూ తొందరపెట్టలేదు. నేనూ పెట్టలేదు.