మూడో నెల కదలిక

కుళ్ళాయప్ప గాజు జాడీల మీది దుమ్మును ఎడమ చేత్తోనే తుడుస్తాడు. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. ధర్మవరంలో పెళ్ళికి ముందు నుంచీ మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీరలు నేసిన చెయ్యి అది. అది మొరాయించాకే హిందూపురం ఫిజియోథెరపీ కాలేజీలో అటెండరుగా చేరాడు. పొద్దున ప్యాసింజర్‌లో రావడం, సాయంత్రం ప్యాసింజర్‌లో పోవడం. సన్నటి మనిషి. జాడీల్లో శరీర భాగాలు చెడకుండా పోసే ఫార్మలిన్ ఘాటుకు కళ్ళెప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

ఆ రోజు రాజశేఖర్ సారు గర్భంలో శిశువు భుజం ఎలా తయారవుతుందో పాఠం చెబుతున్నాడు. బల్లల మీద మైక్రోస్కోపులు అమర్చిన కుళ్ళాయప్ప బయటికి పోకుండా గోడవారగా నిలబడిపోయాడు. కూతురు ఈశ్వరికి ఇప్పుడు మూడో నెల. పోయినేడు కడుపు నిలవలేదు. ఈసారీ బిడ్డ కదలడం లేదని ఆమెకు ఒకటే దిగులు. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు.

విద్యార్థులు వెళ్ళిపోయాక మెల్లగా అడిగాడు.

"సార్, మా కూతురికి మూడో నెల. ఇప్పుడు లోపల ఏముంటాది? ఉత్త నెత్తురు ముద్దేనా?"

సారు నవ్వలేదు. స్టూలు ముందుకు జరిపాడు. "రాప్పా, ఈడ కూచొని చూడు."

కుళ్ళాయప్ప ఒక కన్ను మూసి మైక్రోస్కోపు మీదికి వంగాడు. మొదట గులాబిరంగు మసక. సారు మర తిప్పాడు. ఎముక కాబోయే గుండ్రటి తల, దాన్ని పొదువుకున్న చిన్న గిన్నె, ఆ రెండింటినీ పట్టుకున్న సన్నటి పోగులు తేలాయి.

"ఇది మూడో నెల బిడ్డ భుజం. కండను ఎముకకు కట్టే టెండన్లు, కీలు జారకుండా పట్టే లిగమెంట్లు అప్పుడే ఏర్పడతాయి. చెయ్యి ఆడేకొద్దీ గట్టిపడతాయి."

"అప్పుడే ఆడిస్తాదా సార్?"

"ఆడిస్తుంది. మరీ చిన్నది కదా, తల్లికి తెలీదు. ఐదో నెలకు గానీ తెలీదు. డాక్టరమ్మకు చూపిస్తాండారు కదా?"

"చూపిస్తాండాం సార్." కుడి భుజం తడుముకుని, "నా భుజం మాదిరి అయితాదేమో?" అన్నాడు.

"నీది పని తినేసిన భుజమప్పా. అది బిడ్డకు రాదు."

సాయంత్రం స్టేషన్ ముందు ఎస్టీడీ బూత్ నుంచి ఇంటి పక్క అంగడికి ఫోన్ చేసి ఈశ్వరిని పిలిపించాడు.

"నాయనా! యాడుండావు? ఏమయింది?"

"ఏమీ కాలేదు పాపా. బిడ్డ కదలాల్సిన కాలం దాటలేదు. లోపల ఆడిస్తానే ఉంటాదంట, నీకు తెలీదంతే. నేను చూసినా, ఆ నెల బిడ్డ భుజం. మగ్గం మీద పడుగు దువ్వినట్ల ఉండాది, పోగు పోగూ."

అవతల ఈశ్వరి వెక్కి ఏడ్చింది. ఫోన్ పెట్టకుండా నిలబడ్డాడు.

"అన్నం తింటా నాయనా," అంది చివరికి.

పెనుకొండలో రైలు ఆగినప్పుడు కిటికీలోంచి సీతాఫలాలు కొన్నాడు. "కడుపుతో ఉండే పిల్లకమ్మా, మాగినవి చూసియ్యి," అని అడిగి మరీ ఏరించుకున్నాడు. సంచి పక్కన పెట్టుకుని, రొమ్ము పట్టేసినట్లుంటే ఎడమ చేత్తో రుద్దుకుని, కిటికీ ఊచలకు తల ఆనించాడు. చల్లటి గాలి. కళ్ళు మూతలు పడ్డాయి.

ధర్మవరంలో, రోజూ అదే రైల్లో వచ్చే ఎదుటి సీటు మనిషి అతని భుజం తట్టాడు. "ఏమప్పా, ఊరొచ్చింది." మళ్ళీ తట్టాడు. తల ఊచల మీంచి పక్కకు వాలింది. ఊపిరి ఎప్పుడు ఆగిందో పెట్టెలో ఎవరికీ తెలియలేదు.

నలుగురూ కలిసి అతన్ని ప్లాట్‌ఫారం మీదికి దించారు. ఖాళీ సీటు మీద సంచి మూతి తెరుచుకుని ఉంది. పైనున్న సీతాఫలం బాగా మాగి, తొక్క మీది కళ్ళ మధ్య తెల్లగా విచ్చుకుంటోంది.