తడి పీచు

కల్పలతకు పని నేర్పింది నేనే. మా ఆయన పోయాక బోయిన్‌పల్లిలో మా వరండాలోనే పాత సోఫాలు, కుర్చీలు బాగుచేస్తున్నాను. పక్క వీధి కల్పలత ఆరు నెలలు నా దగ్గర కూర్చుని మేకులు పీకడం, పట్టీలు లాగడం, గుడ్డ బిగించడం నేర్చుకుంది. తర్వాత సొంతంగా పెట్టుకుంది. ఫోన్‌లో వీడియోలు పెడుతుంది. మా ఇంటి ముందు నుంచే ఆటోల్లో సోఫాలు ఆమె ఇంటికి పోతుంటాయి. ఆటో పోయిన పూట నాకు అన్నం సయించదు.

తిరుమలగిరిలో చర్చి హాలు చూసుకునే డోరా మేడమ్, పాత సామాన్లవాడికి వేయబోయిన ఎనిమిది కుర్చీలను ఆపించింది. మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది.

"ఆదివారం చూస్తాను. ఎవరిది బాగుంటే మిగిలిన ఆరూ వాళ్లకే. ఖర్చు మాత్రం తక్కువ కావాలి" అంది.

ఆ ఆరూ నాకే రావాలి. బతుకు గడవక కాదు. కల్పలతకు రాకూడదు, అంతే.

తక్కువ ఖర్చంటే సీటులోని పాత కొబ్బరి పీచునే వాడాలి. దాన్ని ఉతికి, చేత్తో విడదీసి, రెండు రోజులు బాగా ఎండబెడితే మళ్లీ పొంగుతుంది. కల్పలతకు ఈ మాట వందసార్లు చెప్పి ఉంటాను.

శుక్రవారం పీచు ఉతికాను. శనివారం ముసురు పట్టింది. సాయంత్రం కల్పలత గేటు దగ్గర నిలబడింది.

"ఏం పెద్దమ్మా, ఇంకా పీచు పిసుకుతనే ఉన్నవా? నాది ఐపోయింది. జెర వచ్చి చూడరాదు."

"ముసురుల గంత జల్దీ ఎట్లయిందే? గడ్డి గిట్ల కుక్కినవా?"

"రియాజ్ భాయ్ బేకరీల భట్టీ ఎనక ఆరేసిన. మస్తు వేడి."

నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదు? పోయి చూశాను. నీలం గుడ్డ, మూలల్లో సన్నటి మడతలు. వంక పెట్టడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

ఇంటికొచ్చి తడి పీచే కుక్కేశాను. జనరల్ బజార్‌లో చవకగా తెచ్చిన మెరూన్ ముక్కను పైన బిగించాను.

ఆదివారం చర్చి హాల్లో డోరా మేడమ్ రెండు కుర్చీల్లోనూ కూర్చుని లేచింది. నా కుర్చీలో మళ్లీ కూర్చుంది.

"అనసూయమ్మా, మీదే మెత్తగా ఉంది. ఆరూ మీరే చేయండి."

తడి పీచు మొదట మెత్తగానే ఉంటుంది. కల్పలత ముఖం మాడిపోయింది. అది చూసి నాకు కలిగిన హాయి ఇంతా అంతా కాదు.

అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. నెల తిరగకుండా సీటు కుంగుతుంది, వాసన కొడుతుంది. అప్పుడు మేడమ్ దాన్ని ఎవరి దగ్గరికి పంపుతుంది? కల్పలత దగ్గరికే. ఆమె మేకులు పీకి, బూజుపట్టిన పీచు చేతిలోకి తీసుకుంటుంది. ఎవరితోనూ ఏమీ అనదు. నా మీద జాలిపడుతుంది.

"మేడమ్, నాది తడి పీచు. ఆరకముందే కుక్కిన. ఎక్కువ రోజులు ఉండదు" అన్నాను.

"అంత తొందర ఎందుకు?"

"ఆమెది ముందే ఐపోయిందని."

ఆరు కుర్చీలూ కల్పలతకే పోయాయి. వాటిని ఆటోలో ఎక్కిస్తూ, "పెద్దమ్మా, మూడు నువ్వు చేస్తవా?" అని అడిగింది.

"నువ్వు పంచి పెడితే తీసుకునే గతి నాకు పట్టలే" అన్నాను.

ఆమె ఆటో ఎక్కి కూర్చుంది. ఇంకోసారి అడుగుతుందేమోనని నేను అక్కడే నిలబడ్డాను. అడగలేదు.