పది ‘లేదు’ల కాగితం

నేను ఒక కాగితాన్ని. జైలుకు కొత్తగా వచ్చిన మనిషి మనసు చితికిపోయి ఉందా, ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నాడా అని తెలుసుకోవడానికి నా మీద పది ప్రశ్నలు అచ్చువేశారు. నిద్ర పట్టకుండా ఉందా? అయినవాళ్ళెవరైనా ఈమధ్య పోయారా? ఏడోది: చచ్చిపోవాలనిపిస్తోందా? ఇంత మంచి ప్రశ్నలు రాసిన పెద్దలు, అడిగే నోటిని మాత్రం ఎక్కడా నియమించలేదు. డాక్టరు కుర్చీ రెండేళ్ళుగా ఖాళీ.

కాబట్టి నేను హెడ్ వార్డరు జగ్గారావు చేతిలో పడ్డాను. ఎదురుగా ఎర్రయ్య నిలబడ్డాడు. చేపల పడవలో కూలి. ఇంజను దొంగిలించాడని కేసు.

“బాబూ, మా ఆడది పోయి పద్దినాలు అవనేదు...”

“పేరు చెప్పరా. కథలొద్దు.”

జగ్గారావు తల ఎత్తలేదు. పది ప్రశ్నలకూ ‘లేదు’ మీద చకచకా టిక్కులు కొట్టి, చదువురాని ఆ మనిషి వేలిని అడుగున అద్దించాడు.

నాలుగోరోజు, ఎర్రయ్య గదిలోనే ఉండే ముసలి ఖైదీ అప్పలస్వామి వచ్చి మొరపెట్టుకున్నాడు.

“ఆడు ముద్ద ముట్టడం నేదు బాబూ. గోడకేసి సూత్తన్నాడు. ఓపాలి ఆస్పత్రికి అంపండి.”

జగ్గారావు ఫైలు తీసి నన్ను చూపించాడు. “అన్నీ బాగున్నాయని కాగితంలో ఉంది. నువ్వేమన్నా డాక్టరువా?”

మనిషిని కాపాడమని పుట్టించిన నన్నే మనిషికి అడ్డం పెట్టాడు. నాకు చేతులుంటే నన్ను నేనే చింపుకొనేదాన్ని. ఆరోరోజు తెల్లారేసరికి ఎర్రయ్య తన ప్రాణం తీసుకుని ఉన్నాడు.

ఆ చావు మీద జరిగిన విచారణకు అతని అక్క పోలమ్మ వచ్చింది. “అన్నీ అడిగామండీ, వేలిముద్ర కూడా ఉంది” అన్నాడు జగ్గారావు మేజిస్ట్రేటుతో.

“ఏటడిగారో సదవండి బాబూ,” అంది పోలమ్మ.

మేజిస్ట్రేటు పైకి చదివాడు. నిద్ర పట్టకుండా ఉందా? “పెళ్ళాం పోయిన కాణ్ణించి కన్ను మూయనేదు.” అయినవాళ్ళెవరైనా పోయారా? “ఊరందరికీ ఎరికే.” ఆరింటికీ బదులు చెప్పింది. ఆయన ఏడోది చదివాడు: చచ్చిపోవాలనిపిస్తోందా?

“అది నన్నడగొద్దు,” అంది పోలమ్మ, జగ్గారావు వైపు తిరిగి. “ఆణ్ణి అడగాల. నిలబెట్టుకున్నావు గదా, ఒక్కపాలి అడక్కపోయావా?”

“రోజుకు ముప్పైమంది వస్తారమ్మా...” అని నసిగాడు జగ్గారావు. అతణ్ణి సస్పెండ్ చేశారు. ఆ డాక్టరు కుర్చీని ఖాళీగా ఉంచినవాళ్ళను ఎవరూ పిలవనే లేదు.

మేజిస్ట్రేటు తన నివేదికలో, పది ప్రశ్నలకూ ఎదురుగా ఒకే మాట రాశాడు: ‘అడగలేదు.’

నా గురించి ఎవరైనా రాసిన మొదటి నిజం అది. దాన్ని రాయించడానికి ఒక మనిషి చావాల్సి వచ్చింది.