పిన్ని మెచ్చిన తెర

చూపు పోయిందని చెబితే కుర్చీ పోతుందని పిన్ని మూడేళ్ళుగా ఆ సంగతి కడుపులోనే దాచుకుంది. పంపుల విడిభాగాల గోడౌనులో సరుకు జాబితా అంతా ఆమె వేళ్ళ మీదే నడిచేది. కిటికీ అవతల హమాలీ నంబరు అరిచేవాడు, ఇవతల ఈవిడ టకటకా కొట్టేది. ట్యాబు మూడుసార్లు నొక్కితే ఎన్ని అనే గడి, ఇంకో రెండుసార్లు నొక్కితే ఏ అర అనే గడి. తప్పు పడితే కంప్యూటరే కీచుమనేది. తెరకేసి తిప్పిన మొహం ఉత్త అలంకారం. అక్కడ ఆమెకి కనిపించేది బూడిదరంగు మబ్బు.

ఈ గుట్టు ఒక్కడికే తెలుసు, అక్క కొడుక్కి. తల్లి పోతే తెచ్చి పెంచి, చేతులు పట్టి టైపు నేర్పింది ఈవిడే. వాడిప్పుడు ప్రోగ్రాములు రాస్తాడు. తనకీ ఓ ఉద్యోగం చూడమని పెళ్ళాం ఏడాదిగా వాణ్ణి పీక్కుతింటోంది. ఇంటిగుట్టు తెలిసినవాడే కదా కన్నం వేసేది!

పాత ప్రోగ్రాము మూలపడే రోజొచ్చి, యజమాని కొత్తది వాడికే అప్పగించాడు. తెరమీది గడులూ బటన్లూ ఎవరూ కూర్చుని చెక్కుకోరు, కట్టగా దొరుకుతాయి. దాన్ని టూల్‌కిట్ అంటారు. వాడు రెండు టూల్‌కిట్లతో రెండు నమూనాలు కట్టి తెచ్చాడు. మొదటిది మొద్దుది, వన్నె లేదు, కానీ కీబోర్డు మీది ప్రతి మీటకీ పలుకుతుంది. రెండోది నిగనిగలాడుతుంది గానీ మౌసు పట్టుకుంటే తప్ప కదలదు.

"రోజూ కూర్చునేది మీరు కదమ్మా, ఏది బాగుందో మీరే చెప్పండి" అన్నాడు యజమాని.

వాడే నొక్కి చూపిస్తున్నాడు, మీటల ఊసెత్తడం లేదు. పిన్నికి రెండూ మబ్బులే. రెండోదాంట్లో ఏదో తళుక్కుమంది.

"అబ్బో, ఇదేరా! ఆ రంగులు చూడు, పెళ్ళికూతురిలా ఉంది" అనేసింది.

'పిన్నీ, అది మౌసుది' అని వాడు ఒక్క మాట అంటే చాలు. వాడు గొంతు సవరించుకున్నాడు. "పిన్నికి నచ్చాక తిరుగేముంది సార్!"

సోమవారం కొత్త తెర పెట్టారు. హమాలీ నంబరు అరిచాడు. పిన్ని ట్యాబు మూడుసార్లు నొక్కింది. కూతా లేదు, కదలికా లేదు. మళ్ళీ నొక్కింది.

"మౌసు పిన్నీ, మౌసు! ఆ పచ్చ బటన్" అన్నాడు వాడు, కిటికీ అవతలికి వినిపించేట్టు. "నువ్వు మెచ్చిన పెళ్ళికూతురే కదా, మొహం గుర్తుపట్టలేవూ?"

హమాలీలు గొల్లుమన్నారు. పిన్ని మౌసుతో బల్లంతా తుడిచింది. నవ్వులు ఆగిపోయాయి. యజమాని వంగి ఆమె కళ్ళముందు చెయ్యి ఆడించాడు. రెప్ప పడలేదు.

మధ్యాహ్నానికి ఆ కుర్చీలో వాడి పెళ్ళాం కూర్చుంది.

"ఒక్క మాట చెబితే అదొద్దనేదాన్ని కదరా" అంది పిన్ని, సంచి కోసం తడుముకుంటూ.

"అడిగితే చెప్పేవాణ్ణి. చూసినట్టు నటించింది నువ్వేగా."

పిన్ని వాడి చెయ్యి కోసం చెయ్యి చాచింది. వాడి చెయ్యి పెళ్ళాం చేతి మీదుంది, మౌసు నేర్పుతూ.

"చిన్నత్తయ్యా, అటు గోడ" అంది కోడలు తల తిప్పకుండానే. "తలుపు ఇటు."