ఘాటులేని సీసా

రూతు సీసా మూత తీసి వాసన చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోసిన ముక్క చెడకుండా ఉంచే ఫార్మలినే. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి నంద్యాల ఆసుపత్రి ల్యాబులో ఇరవైరెండేళ్లుగా చాకిరీ చేస్తున్నా, ఆమె ఏ సీసాకూ లోపలేముందో చీటీ అంటించింది లేదు. ముక్కుండగా చీటీ దేనికని ఆమె గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది. పోయిన నెల జలుబు చేసిన రోజున ఫార్మలిన్ అనుకుని ఉప్పునీళ్లు పోసింది. చూడ్డానికి రెండూ మంచినీళ్లలాగే ఉంటాయి.

అందులో పడింది కొలిమిగుండ్ల కమలాక్షమ్మ మెడగడ్డ నుంచి పరీక్షకు కోసిన ముక్క. మైక్రోస్కోపులోంచి తలెత్తి డాక్టరు అడిగాడు.

"సీసాలో ఏం పోసినావమ్మా?"

"ఫార్మలినే సార్."

ముక్క సరిగా రాలేదని రాసి, మళ్లీ కోయాలన్నాడు.

డాక్టరు నర్సింగు పిల్లలకు చెప్పే పాఠం రూతుకు నోటికి వచ్చు. దెబ్బ తిన్న కణం ముందు ఉబ్బుతుంది. వేళకు ఆ బాధ తొలగితే మామూలవుతుంది. ఆలస్యమైతే లోపలి కేంద్రకం కరిగిపోతుంది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. తన అబద్ధానికి అప్పుడే నెల నిండింది.

మెడకు కొత్త కట్టుతో కమలాక్షమ్మ ల్యాబు గుమ్మంలోకి వచ్చి, బల్లమీద ఒక సంచి పెట్టింది.

"అక్కా, పోయిన తూరి కోసేటప్పుడు నేనే కదిలింటా. మీకు మల్లా పని పెడితి. మా చేన్లో అనపకాయలు, తీస్కో."

రూతుకు తల కొట్టేసినట్టయింది. ఊరుకుంటే అడిగేవారు లేరు.

"నువ్వు కదల్లేదు కమలాక్షమ్మా. నీ ముక్క బాగుండె. మందు మార్చి పోసి నేనే చెడగొట్టినా. డాక్టరుకూ అబద్ధం చెప్పినా."

కమలాక్షమ్మ చెయ్యి కట్టు మీదికి పోయింది.

"నెల దినాలు నన్ను నేనే తిట్టుకుంటి గదక్కా."

సంచి అక్కడే వదిలి వెళ్లిపోయింది. చెప్పుల చప్పుడు ఆగేదాకా రూతు తలెత్తలేకపోయింది.

తరువాత డాక్టరుకూ చెప్పింది. ఆయన కేకలేయలేదు, ల్యాబు తాళంచెవి అడిగి తీసుకున్నాడు. ఇచ్చే ముందు ఆమె కమలాక్షమ్మ కొత్త సీసాకు పేరు, తేదీ, ఫార్మలిన్ అని చీటీ రాసి అంటించింది. అదే మొదటిది. రోజూ పోయే బస్సుకే ఆళ్లగడ్డ పోయింది.

ఆ కాయలు తీసుకునే ముఖం ఆమెకు లేకపోయింది. ల్యాబు బల్లమీద సీసా పక్కన అనపకాయల సంచి, వేసిన ముడి వేసినట్టే ఉంది.