సుంకమ్మ వేసిన ముడి

రండి, ఇంకొంచెం ముందుకు జరగండి. గోడకి ఆనుకున్నోళ్లు కూడా చాప మీదికి రండి. బడి వదిలి ఇంతసేపయినా సంచులు భుజాన వేసుకుని వాకిట్లోనే తచ్చాడుతున్నారంటే ఎందుకో నాకు తెలియదా? కూర్చోండి. కాళ్లు ఆడించకండి. కాళ్లు నిలవని పిల్ల కథే చెప్పబోతున్నా, ఆ పని ఆమెకే వదిలేయండి.

ఆదోనిలో రూత్ అని ఒక పిల్ల. పత్తి మిల్లులో పని. లారీల్లోంచి దింపిన పత్తిలో ఎండుటాకు, పుల్ల, రంగు మారిన దూది ఏరేసే ఆడవాళ్ల వరసలో తల్లి సుంకమ్మ పక్కన కూర్చునేది. చేతులు పనిలో ఉండేవి గాని, కాళ్లు మాత్రం ఎక్కడికో పోతూనే ఉండేవి.

"మే, నీ కాళ్లకు తేలు కుట్టిందా యేమి?" అనేది సుంకమ్మ, మూతికి కట్టుకున్న గుడ్డ వెనకనుంచి.

ఆ మిల్లులో ఆడవాళ్లందరూ ముక్కూ నోరూ కప్పి గుడ్డ కట్టుకుంటారు. లేకుంటే దూది నూగు గుండెల్లోకి పోయి దగ్గు పట్టుకుంటుంది. రూత్ మొదటిరోజు పనికి వచ్చినప్పుడు ఆ గుడ్డ కట్టింది తల్లే. అప్పటినుంచి రోజూ ఆమే కడుతుంది. ఇంత పెద్ద పిల్లకి అమ్మ గుడ్డ కట్టడమేమిటని పక్కవాళ్లు నవ్వితే, "నా ముడి ఊడదు" అనేది సుంకమ్మ. నిజమే, ఊడేది కాదు. సాయంత్రం పని దిగాక రూత్ గోడకి ఆనుకుని, గోటితో కొంచెం కొంచెంగా లాగి విప్పుకునేది.

రోజూ మిల్లుకి పోకముందు రూత్‌కి ఇంకో పని ఉండేది. తెల్లవారకముందే సైకిలు తీసి ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కేది. అటునుంచి అశోక్ వచ్చేవాడు. ఎమ్మిగనూరులో ఒక బడిలో ఆటల మాస్టరు, రూత్ వాళ్లు ప్రార్థనకి పోయే క్రైస్తవ సంఘంలో పెద్ద కూడా. మిల్లులో మూటలు మోసే లక్ష్మన్న వచ్చేవాడు. పేరు లక్ష్మన్నే గాని, వాళ్ల తాతనాడే ప్రభువును నమ్ముకున్న ఇల్లు. మగ్గం నేసే కుర్రాళ్లు ఇంకా ఇద్దరు. నీళ్లలో ఈది, ఆ తడి బట్టల్తోనే సైకిలు తొక్కి, సైకిలు దిగీ దిగగానే పరుగెత్తే పందెం ఒకటి ఉంది. ట్రయథ్లాన్ అంటారు. వీళ్లంతా దానికి తయారయ్యేవాళ్లు.

సుంకమ్మ దాన్ని మూడు పనుల పందెం అనేది. "మేము పొద్దు మునిగేలోపల పది పనులు చేస్తాంటిమి. మాకెవురూ మెడలో పతకం వేయలే" అనేది.

వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎంత ముందు వచ్చినవాడైనా, అందరికన్నా వెనకవాడు వచ్చి సైకిలు దిగేదాకా గుక్కెడు నీళ్లు తాగడు. చివరివాడు రావాలి, అతనే ప్రార్థన చేయాలి, అప్పుడు అందరూ తాగాలి. ఎండకాలంలో లక్ష్మన్న వెనకబడితే మగ్గం కుర్రాళ్లు రోడ్డు మీద నిలబడి, "అన్నా, ప్రార్థన పొట్టిగా చెయ్యన్నా, గొంతు ఆర్చుకపోతాంది" అని దూరంనుంచే కేకలు వేసేవాళ్లు.

ఈత మాత్రం మిల్లు గోడౌన్లో, పత్తి కుప్పలో. ఇల్లంత ఎత్తు కుప్ప ముందర ఐదుగురూ తలలు వంచి నిలబడేవాళ్లు. ఆమెన్ అనగానే పత్తి పలచబడేది. అంచుల్లో తెల్లగా అల లేచేది. దూకి, ఈ గోడనుంచి ఆ గోడకి ఈదేవాళ్లు. మిల్లు గుమాస్తా ఒకరోజు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసినాడు.

"ఈదితే ఈదండప్పా, నాకేమి. మీరు ఈదినాక పత్తికి తేమ ఎక్కువైతాండాది. సేటు నన్ను అడుగుతాడు."

"మా చెమటే గదన్నా" అన్నాడు లక్ష్మన్న, కుప్పలోంచి తల బయట పెట్టి.

"చెమటైతే తేమ గాదా? మీది మీరే ఆరబెట్టి పోండి."

అంతే. అప్పటినుంచి ఈత అయ్యాక పత్తి తిరగేసి, ఒకరి జుట్టులో దూది ఒకరు దులిపి పనికి పోయేవాళ్లు.

పత్తిలో రూత్‌ని మించినవాళ్లు లేరు. మూతికి గుడ్డ కట్టుకుని దూకితే చేప పోయినట్టే పోయేది. అయితే శనివారాల్లో మిగతావాళ్లు తుంగభద్ర కాలువకి పోయి నిజం నీళ్లలో ఈదుతుంటే, రూత్ మాత్రం గట్టు మీద అందరి టవాళ్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కాళ్లు గట్టు మట్టిని గీస్తూ ఉండేవి. రూత్ నాయన ఏసన్న ఆ కాలువ మీదనే లస్కరుగా ఉండేవాడు. తూము తలుపులు ఎత్తేది, దించేది ఆయన పని. ఒకరోజు తూముకి అడ్డం పడిన మొద్దును లాగడానికి దిగి, మళ్లీ పైకి రాలేదు. ఆనాటినుంచి సుంకమ్మ నీళ్లలో కాలు పెట్టలేదు, కూతుర్ని పెట్టనివ్వలేదు. ఇంట్లో స్నానం కూడా చెంబుతోనే. పత్తిలో ఈత అంటే మాత్రం ఆమెకి అభ్యంతరం లేదు. పత్తి పొడిగా ఉంటుంది కదా.

కాలు నిలవకపోవడానికి ఇంకో కారణం ఉంది, వినండి. వాళ్ల సంఘంలో బాప్తిస్మం అంటే నీళ్లలో నిలువునా ముంచి లేపాలి. కాలువ దగ్గరే ఇస్తారు. ఆ బాప్తిస్మం అయినవాళ్లకే నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లలో, ఏసు గుర్తుగా అందరూ పంచుకునే రొట్టె. ఆ పొద్దు పళ్లెం చేతినుంచి చేతికి చాప వెంబడి వస్తుంది. సుంకమ్మ తీసుకుంటుంది. రూత్ దగ్గరికి రాగానే ఆమె తలమీదుగా అవతలి మనిషికి అందుతుంది. అశోక్ తీసుకుంటాడు, లక్ష్మన్న తీసుకుంటాడు. తనకన్నా చిన్న పిల్లలు, మొన్నటిదాకా సండేస్కూల్లో తన దగ్గర వాక్యాలు నేర్చుకున్నవాళ్లు, వాళ్లూ తీసుకుంటారు. పళ్లెం నీడ తలమీదుగా పోయేటప్పుడు రూత్‌కి ఎక్కడికైనా లేచి పరుగెత్తాలనిపించేది. గుడి బయటికి వచ్చి నిజంగానే పరుగెత్తేది కూడా, కొత్త చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని.

ఆ చలికాలం అశోక్ ఒక మాట మోసుకొచ్చినాడు. గాజులదిన్నె డ్యాము నీళ్ల దగ్గర మూడు పనుల పందెం పెడుతున్నారు. నీళ్లు ఈది, ఎమ్మిగనూరుకి సైకిలు తొక్కి, ఊరు చుట్టూ పరుగెత్తాలి.

"చెల్లీ, నువ్వు వచ్చి టవాళ్లు పట్టుకో చాలు" అన్నాడు అశోక్, ఆమెని నొప్పించకూడదని.

"టవాళ్లు పట్టుకునేదానికి ఒక కొయ్య పాతుకోండన్నా" అంది రూత్. "నేనూ దిగుతా. ఆ నీళ్లు దాటితే, ఇంగ పాస్టరు అయ్యగారి చేతుల్లో మునగడానికి నాకు భయముండదు."

ఇంట్లో ఆ సంగతి చెప్పేసరికి సుంకమ్మ జొన్నరొట్టె తడుతోంది. తట్టే చప్పుడు ఆగిపోయింది.

"మీ నాయన ఈత రానోడా?" అంది.

"కాదుమా."

"ఈత వచ్చినోడే పోయినాడు. నువ్వు యాడ నేర్చినావు ఈత? దూదిలో. నెత్తిన నీళ్లు చల్లే చర్చి ఉండాది గదా టౌనులో, ఆడికి పోదాం. రెండు చుక్కలు చల్లితే అయిపాయె."

"నాయన కూర్చున్న చాప ఈడ ఉంది. నేను యాడికీ పోను."

రొట్టె ఒకవైపు మాడిపోయింది. మాడింది సుంకమ్మ తీసుకుని, బాగున్నది కూతురికి వేసింది.

పందెం రోజు తల్లికి చెప్పకుండానే బయలుదేరింది రూత్. ఎవరు చెప్పినారో ఏమో, గాజులదిన్నె చేరేసరికి గట్టు మీద ఆటో దిగి, చలికి కొంగు కప్పుకుని సుంకమ్మ నిలబడి ఉంది. చేతిలో ఉతికి మడిచిన మిల్లు గుడ్డ.

"ఇట్లా రా" అంది.

రూత్ పోయి నిలబడింది. సుంకమ్మ కూతురి ముక్కూ నోరూ కప్పి గుడ్డ కట్టి, వెనక ముడి వేసింది. ఒకటి కాదు, మూడు వేసింది. "నీళ్లు లోపలికి పోగూడదు" అంది.

అశోక్ పక్కకి పిలిచి మెల్లగా చెప్పినాడు. "చెల్లీ, అది పత్తికి. నీళ్లకి పనికి రాదు. తీసెయ్యి."

రూత్‌కి ఆ మాట సగమే ఎక్కింది. పత్తిలో గుడ్డతోనే ఈదింది, గుడ్డ లేకుండా ఈదడమే ఆమెకి తెలియదు. పైగా ఈ గుడ్డ తీస్తే అమ్మ పొమ్మన్న మాట కూడా తీసేసినట్టే. "ఉండనీ అన్నా. ఇది కట్టింది కాబట్టే పంపిస్తాండాది" అంది.

ఐదుగురూ చేతులు పట్టుకుని ప్రార్థన చేసినారు. ఈల ఊదినారు. పందెగాళ్లందరూ నీళ్లలోకి ఉరికినారు.

నాలుగు బారలు వేసిందో లేదో, గుడ్డ తడిసి మూతికి అతుక్కుపోయింది. గాలి పీల్చబోతే గుడ్డ లోపలికి వచ్చింది. మళ్లీ పీల్చింది, గుడ్డే వచ్చింది. చేతులు ఈత మానేసి వెనక ముడి కోసం వెతికినాయి. తడిసిన ముడి రాయి అయిపోయింది. గట్టు దగ్గరే ఉంది, తల్లి మొహం కూడా కనిపిస్తోంది. ఆ మొహం ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయి, ఇక కనపడకుండా పోయింది.

ముందు పోతున్న అశోక్ వెనక్కి తిరిగి చూసినాడు. బాప్తిస్మాలప్పుడు ఎన్నోసార్లు అయ్యగారి పక్కన నడుముల్లోతు నీళ్లలో నిలబడినవాడు. మనిషి నీళ్ల కిందికి పోతే అతని నోటికి వచ్చేవి ఆ బాప్తిస్మం మాటలే. "తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామమున" అని గొంతు చించుకుంటూ ఆమెవైపు ఈదినాడు.

నీళ్ల కింద రూత్‌కి ఆ మాటలు గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించినాయి. వీపుకి మెత్తగా ఏదో తగిలింది. చేత్తో తడిమింది. పత్తి. అప్పుడే లారీ దిగినట్టు వెచ్చగా, పొడిగా, గింజలతో సహా ఉన్న పత్తి. చుట్టూ మిల్లు వాసన. తల పైన నీళ్లు గోడౌను రేకుల మాదిరి ఆగి ఉన్నాయి. రూత్ ఆ పత్తికి ఆనుకుని కూర్చుంది. రోజూ సాయంత్రం విప్పినట్టే, గోటితో కొంచెం కొంచెంగా లాగి మొదటి ముడి విప్పింది. రెండోది విప్పింది. మూడోది విప్పేసరికి కాళ్లు ఆడటం మానేసినాయని గమనించింది. గుడ్డ వదిలిపెట్టింది. అది ఆమెకన్నా ముందు పైకి పోయింది. ఆమె గుండె నిండా గాలి పీల్చి, పత్తిని కాలితో తన్ని లేచింది.

తల బయటికి వచ్చేసరికి ఎదురుగా సుంకమ్మ. మెడల్లోతు నీళ్లలో. చీర బుట్ట మాదిరి ఉబ్బి చుట్టూ తేలుతోంది. ఏసన్న పోయినప్పటినుంచి నీళ్లలో కాలు పెట్టని మనిషి, ఆ తడి గుడ్డను రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉంది. అశోక్ పక్కనే ఆయాసపడుతున్నాడు.

సుంకమ్మ కూతురి మొహం తడిమింది. ముక్కు తడిమింది, మూతి తడిమింది. గుడ్డ పిండి తన భుజాన వేసుకుంది.

"ఇంగ పో" అంది. "ఈదు."

రూత్ ఈదింది. సైకిలు తొక్కింది. ఎమ్మిగనూరు వీధుల్లో అందరికన్నా వెనక పరుగెత్తింది. ముగింపు గీత దాటేసరికి పందెం పెట్టినవాళ్లు కుర్చీలు ఎత్తేస్తున్నారు. అశోక్, లక్ష్మన్న, మగ్గం కుర్రాళ్లు మాత్రం ఎండలో నిలబడి ఉన్నారు. చేతుల్లో మూతలు తీయని నీళ్ల సీసాలు.

"మే తల్లీ, నాలుక పిడచ కట్టుకపోయింది. తొందరగా ప్రార్థన చెయ్యి" అన్నాడు లక్ష్మన్న. ఆమె చేసింది. తాగినారు. లక్ష్మన్న ఆమె కనుబొమ్మ మీదనుంచి దూది పింజ ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి చూసినాడు. "తేమే లేదే. సేటు చూస్తే ముందే కొనుక్కుంటాడు."

మొదటి ఆదివారం వచ్చింది. పళ్లెం చాప వెంబడి వచ్చింది. సుంకమ్మ రొట్టె ముక్క తీసుకుంది. పళ్లెం మాత్రం అవతలికి ఇవ్వలేదు. రూత్ ముందర పట్టుకుని కూర్చుంది. పాట ఆగిపోయింది.

"సుంకమ్మా" అన్నారు అయ్యగారు నెమ్మదిగా, "ఆ బిడ్డకు ఇంకా కాలేదు కదా."

"అయిందయ్యా. మునిగింది, లేసింది. నేను సూసినాను."

"మాటలు పలికినోళ్లు ఎవరు?"

మగవాళ్ల వైపునుంచి అశోక్ లేచినాడు. "నేనయ్యా. కావాలని కాదు. భయంతో వచ్చినాయి."

అయ్యగారు కళ్లజోడు తీసి పైపంచతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని రూత్‌ని చూసినారు. ఆమె జడలో ఎంత దువ్వినా రాని పింజ ఒకటి ఇంకా ఉంది.

"నేను మాత్రం ఏనాడు భయం లేకుండా పలికినాను?" అన్నారు. "తీసుకోమ్మా."

రూత్ తీసుకుంది. పళ్లెం అవతలికి పోయింది. ఆ పొద్దు కూటం అయిపోయేదాకా ఆమె కాళ్లు చాప మీద కదలకుండా ఉన్నాయి.

ఇప్పటికీ మిల్లులో సుంకమ్మే కూతురికి గుడ్డ కడుతుంది. కాకపోతే జారుముడి వేస్తుంది. ఒక్క లాగుకి వచ్చేస్తుంది.

ఇక లేవండి. సంచులు మరిచిపోకండి. మీ ఇళ్లల్లో రొట్టె తట్టే చప్పుడు ఇక్కడికే వినిపిస్తోంది. పోయి వేడిమీదనే తినండి. ఒకవైపు మాడింది ఉంటే అమ్మకి వదిలేయకండి, మీరు తీసుకోండి. పోండి, పోండి.