కొండచిలువ ఒళ్లు విదిలించిన రోజు

మా లోవలక్ష్మి బతికున్నన్నాళ్లూ, గోదారికి వరద ఎర్రనీరు రాగానే ఒకే మాట అడిగేది.

"ఆ పాము ఎంత ఉంటదేంటి మావా?"

"పెద్దదే" అనేవాణ్ణి. ముప్పై ఏళ్లలో అంతకు మించి చెప్పలేదు. ఇప్పుడు అడిగే మనిషి లేదు. అందుకని చెబుతున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన పదిహేనేళ్లకు జరిగింది ఇది. రాజమండ్రి దగ్గర రైలు వంతెన వస్తుందని అప్పుడు కలలో కూడా ఎవరూ అనుకోలేదు. నది మధ్య లంకలో చేపలు పట్టుకు బతికే ఇళ్లు మావి ఇరవై. నా పెళ్లాం లోవలక్ష్మి నాకు మేనత్త కూతురే. తొలికాన్పుకి అవతలి గట్టున పుట్టింటికి వెళ్లింది. పురుడు కష్టమైంది. తల్లీ బిడ్డా దక్కితే మా లంకలో అమ్మవారికి మేకపోతునిస్తానని వాళ్లమ్మ, మా అత్త పెద్దింట్లమ్మ మొక్కుకుంది. ఇద్దరూ దక్కారు. మొక్కు తీరేదాకా వాళ్లని నది దాటించనని అత్త భీష్మించుకుంది.

మొక్కు తీరాలంటే ఒక పద్ధతి ఉంది. గుడి ముందు మేకపోతు మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. లేకపోతే కత్తి ఎత్తకూడదు. నాలుగు ఆదివారాలు చల్లాం. చుట్టూ కట్టిన వేపమండలు నమిలింది గానీ ఒళ్లు మాత్రం విదిలించలేదు. నా కూతురికి అయిదో నెల వచ్చింది. పడవేసుకుని పోయి చూసి రావడమే తప్ప, మా ఇంట్లో దాని ఏడుపు వినలేదు.

ఆషాఢంలో వరద మొదలైంది. మన్యం నుంచి కొట్టుకొచ్చిన వెదురుబొంగులు గుడి వెనక గట్టుకు పేరుకున్నాయి. అయిదో ఆదివారం అత్త మళ్లీ వచ్చింది. పూజారి పెదబాబు కత్తి పట్టుకు నిలబడ్డాడు. అత్త నీళ్లు చల్లింది. మేకపోతు కదల్లేదు.

అప్పుడు వెదుళ్లలోంచి ఒక తల లేచింది. దాని వెనక ఒళ్లు వస్తూనే ఉంది, వస్తూనే ఉంది.

మేకపోతు చూసింది. కొమ్ముల నుంచి తోకదాకా గజగజా విదిలించింది.

"విదిలించింది! ఒప్పుకుందిరా తల్లి!" అని అత్త కేకేసింది.

"అత్తా, నీ వెనక!"

"ఉండరా, కళ్లారా చూసుకోనీ."

"కొండచిలువే అత్తా!"

పెదబాబు అప్పటికే కత్తి పారేసి గుడికప్పు మీదున్నాడు. నేను మొలలోతు నీళ్లలో ఉన్నాను. అత్త చెంబు వదిలేసి, ఎలా ఎక్కిందో, వలలు ఆరేసే పందిరి మీద తేలింది.

పాము మేకపోతుని చుట్టేసి, తాపీగా మింగింది. మధ్యాహ్నం దాకా పట్టింది. ఆపైన గుడి ముందే పడుకుంది. నడుం దగ్గర ధాన్యపు బస్తా అంత ఉబ్బు.

"పొట్ట కోసి మేకని తీద్దామేంటి?" అన్నాడు పెదబాబు పైనుంచి.

"ఎంగిలి మేకనా అమ్మకిచ్చేది? సిగ్గులేదూ నీకు?"

"మరి మొక్కు తీరినట్టా, తీరనట్టా?"

"కత్తి పడలేదుగా. తీరలేదు. పిల్లని పంపను" అంది అత్త.

నాకు మాటలు తక్కువ. ఆ పూట ఎలాగో వచ్చాయి. "పాము మీద చల్లి అడుగుదాం అత్తా. మేక అందులోనే ఉంది కదా."

అత్త పందిరి మీంచి పాముని ఎగాదిగా చూసింది. "అడగొచ్చు. చల్లేదెవడంట?"

కింద పడున్న చెంబు తీశాను. నీళ్లు ముంచి పసుపు కలిపి దగ్గరికి వెళ్లాను. తడి ఆకుల వాసన వేసింది. ఒకసారి చల్లాను. కదల్లేదు. రెండోసారీ అంతే.

"ఇదీ ఆ మేక బాపతే" అన్నాడు పెదబాబు.

మూడోసారి చల్లాను. తల నుంచి తోకదాకా ఒక్క అల పాకింది.

"విదిలించింది!" పందిరి మీదే అత్త చేతులు జోడించింది. "పోయి తెచ్చుకోరా నీ పెళ్లాన్నీ బిడ్డనీ. తల్లే వచ్చి పుచ్చుకుంది."

మర్నాడు తెచ్చుకున్నాను. అప్పటికి పాము నీళ్లలోకి జారిపోయింది. ఇసకలో చార చూసి, పిల్లని చంకనేసుకునే, లోవలక్ష్మి తొలిసారి అడిగింది ఆ మాట.

తర్వాత పెదబాబు నోట ఆ పాము ఏటేటా పెరిగింది. నేను కాదనలేదు.

మన పడవ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది లోవా, ఆ పాము. అంతే. ఇంకొకటి కూడా ఉంది. మూడోసారి చల్లేటప్పుడు, అత్తకి కనపడకుండా, కాలి బొటనవేలితో దాని పక్కలో ఒక్క పోటు పొడిచాను. అమ్మవారు చూసే ఉంటుంది. ఏమీ అనలేదు. నీకు చెబితే నవ్వేదానివేమో, మీ అమ్మకి చెప్పేదానివేమో.

వరద నీళ్లలో కాలు పెట్టినప్పుడల్లా ఆ పాము ఒంటి చల్లదనం ఇప్పటికీ వేలికి తెలుస్తుంది.